నేలలోని లోహవిషము – బూజుల సాయము



విషలోహములతో చెడిన నేలను బూజులచే శుద్ధిచేయవచ్చునను మాట ఈ మధ్య తరచుగా వినవచ్చుచున్నది. మాటలో కొంత నిజము కలదు. కాని ఆ కొంత ఎంతయో తెలియనియెడల సొమ్ము నష్టమగుటయేగాక పొలము విషయమున అజాగ్రత్తయు కలుగును. గావున ఇందలి నిజానిజములను సభ్యులకు విన్నవింప దలచితిమి.

పురుగుమందులలో పెక్కులు కాలక్రమమున విరిగి నశించును. సీసము, కాడ్మియము, క్రోమియము, రాగి మొదలగునవి అట్లుగావు. అవి మూలద్రవ్యములు, ఏ సూక్ష్మజీవియు వానిని నశింపజేయజాలదు. బూజు చేయునది కట్టివేయుటయే. దాని సన్నని దారముల గోడలు లోహమును పట్టి యుంచును. పైరు వేళ్లతో పొత్తు గలిసి బ్రతుకు బూజు ఒకటి కలదు. వ్యామ్ అను పేర అంగళ్లలో అమ్ముచున్నది ఇదియే. ఇది భాస్వరమును, జింకును మొక్కకు అందించుచు, విషలోహము మొక్కలోనికి ఎక్కుటను పెక్కు తావుల తగ్గించును; కొన్ని నేలలలో, కొన్ని పైరులలో హెచ్చించుటయు కలదు. ఎట్లయినను లోహము పొలముననే యుండును. దానిని బయటికి తీయవలెనన్న, లోహమును పీల్చు మొక్కలను పెంచి, కోసి, పశువులు ముట్టనిచోట భద్రపరుపవలెను. అది ఏండ్లతరబడి పని. చెడిన నేలను మొలచిన పుట్టగొడుగులు లోహమును తమలో కూర్చుకొనును గావున వానిని తినరాదు.

ఒకసారి చెడిన నేల సంగతి ఎట్టిదో పటాన్‌చెరు రైతులకు తెలియును. కర్మాగారముల మురుగు అచ్చటి నక్కవాగున కలియుటను గూర్చి 1990లో సుప్రీముకోర్టున పడిన వ్యాజ్యము ఏండ్లకొలది నడచినది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు 2001లో ప్రకటించిన పరిశీలనలో ఆ మట్టియందు క్రోమియము, ఆర్సెనికము, కాడ్మియము మొదలగునవి హెచ్చుగా కానవచ్చినవి.

మన చందర్లపాడు మెట్టలో అట్టి ఆపద కలదని మేము చెప్పుటలేదు. కాని మిరపతోటలపై ఏటేట చల్లు రాగిమందులలోని రాగి చాలవరకు నేలనే నిలుచును. భాస్వరపుటెరువులలో కొంచెము కాడ్మియము కలిసియుండును. 2015లో ఆరంభమైన భూసారపత్రమున 12 అంశములు కలవు. రాగి, జింకు అందున్నవి గాని సీసము, కాడ్మియము, క్రోమియము లేవు. కావున పత్రము బాగుగనున్నదని నిశ్చింతగా నుండరాదు.

మా అభిప్రాయమిది. పొడి చల్లిన విషము పోవునను మాటను నమ్మి ఎవ్వరును కొనరాదు. వ్యామ్‌ను పైరుకు బలముగా వాడుకొనవచ్చును. వాడినచోట భాస్వరమును మితిమీరి వేయుటయు, బూజుమందును మొదళ్లలో పోయుటయు మానవలెను. ఊరకే దొరకినదని పట్టణపు మురుగుమట్టిని పొలమునకు తోలరాదు. అనుమానముగల పొలముల మట్టిని సంఘమే సేకరించి, ఖర్చును సభ్యులు పంచుకొని, లోహపరీక్షకు పంపవలెను. ఒక్క రైతుకు భారమగునది పదుగురికి భారముగాదు, సహకారమునకు అర్థమిదియే. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింప కోరుచున్నాము.