అభిమానుల లోకానికి హక్కుపత్రం ఏది?

అమెరికాకు చెందిన బెథెస్డా సంస్థ 2002లో విడుదల చేసిన 'మారోవిండ్' వీడియోగేమ్‌కు ఒక కాల్పనిక దేశం పేరు పెట్టింది. అయితే ఆటగాళ్లు సంచరించడానికి ప్రధానంగా లభించింది ఆ దేశంలోని ఒక అగ్నిపర్వత ద్వీపమే. మిగిలిన భూభాగాన్ని తామే నిర్మించాలని కొందరు అభిమానులు ఆట విడుదలకు ముందే సంకల్పించారు. 'టామ్రియెల్ రీబిల్ట్' పేరిట ఆ కృషి రెండు దశాబ్దాలు దాటినా కొనసాగుతూనే ఉంది.

ఇది కాలక్షేపంగా కొట్టిపారేయదగిన పని కాదు. కొండకోనలు, రేవుపట్నాలు, సమాధులు, పూటకూళ్ల ఇళ్లు, ఆ ఇళ్లలోని చెంబూ తపేలా సహా అన్నీ ఒక్కొక్కటిగా అమర్చాలి. ఎదురయ్యే ప్రతి పాత్రకూ మాటలు రాయాలి. ఒకరు కట్టినదానిని మరొకరు పరిశీలించి తప్పులు దిద్దుతారు. ఎవరికీ జీతభత్యాలు లేవు. నిర్మాణానికి కావలసిన ఉపకరణాన్ని కంప్యూటర్ ఆటతోపాటు సంస్థే అందించింది. ఈ కొత్త నేలపై అడుగుపెట్టాలంటే అసలు ఆటను కొనవలసిందే. అంటే సంస్థ పాత సరుకుకు అభిమానులు కొత్త గిరాకీ తెచ్చిపెడుతున్నారు. బెథెస్డా మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు 2020లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆ ధరలో పాత ఆటలపై చెక్కుచెదరని ఆదరణకూ వాటా ఉంటుంది. దానిని నిలబెట్టినవారికి మాత్రం పైసా రాలలేదు. సొమ్మొకడిది, సోకొకడిది!

అలాగని వేతనమే దీనికి విరుగుడు కాదు. 2015 ఏప్రిల్‌లో 'స్కైరిమ్' ఆటకు అభిమానులు చేసిన చేర్పులను అమ్మకానికి పెట్టారు. రూపకర్తలకు దక్కేది 25 శాతం, మిగిలినది రెండు కంపెనీలకు. ఆటగాళ్లు భగ్గుమనడంతో కొద్ది రోజులకే ఆ ఏర్పాటు రద్దయింది. వాటా స్వల్పమన్నది ఒక్కటే కారణం కాదు. నలుగురూ ఉచితంగా పంచుకున్న వస్తువుకు ధర కట్టగానే ఎవరి ముక్కను ఎవరు వాడుకున్నారన్న తగవు మొదలైంది.

వారికి కావలసింది కూలి కన్నా భద్రత. 'క్రోనో ట్రిగ్గర్' ఆధారంగా అభిమానులు ఏళ్ల తరబడి శ్రమించి రూపొందించిన ఆటను, సరిగ్గా విడుదల ముంగిట, 2009లో స్క్వేర్ ఎనిక్స్ సంస్థ చట్టపరమైన నోటీసుతో నిలిపివేయించింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నారన్నది ఇటువంటి సందర్భాలలో కంపెనీల వాదన. ఇక్కడ కాయలు అమ్మినవారెవరు? బెథెస్డా తీరు ఇందుకు భిన్నం. 'ఆబ్లివియన్' ఆటను స్వయంగా పునర్నిర్మిస్తున్న అభిమానుల బృందానికి, అదే ఆటకు తాను 2025లో తెచ్చిన కొత్త రూపం ప్రతులను ఉచితంగా పంపింది. ఆ ఔదార్యం హర్షణీయమే. కానీ యాజమాన్యం మారితే ఔదార్యమూ మారవచ్చు.

మన 1957 నాటి కాపీరైట్ చట్టం సైతం అనుసరణ హక్కును యజమానికే కట్టబెట్టింది. 52వ సెక్షన్‌లోని మినహాయింపులు సొంత వినియోగం, పరిశోధన, విమర్శ వంటివాటిని కాపాడతాయి. నిర్మించిన లోకాన్ని పదిమందికీ ఉచితంగా పంచేవారికి అందులో స్పష్టమైన అభయం లేదు. యానిమేషన్, గేమింగ్ రంగాల ప్రోత్సాహానికి 2022-23 కేంద్ర బడ్జెట్‌లో కార్యదళాన్ని ప్రకటించిన ప్రభుత్వం ఈ లోటునూ పట్టించుకోవాలి. లాభాపేక్ష లేకుండా, అసలు ఆటను కొన్నవారికే ఉపయోగపడే నిర్మాణాలకు చట్టంలో చోటు కల్పించాలి. కనీసం, బహిరంగంగా సాగుతున్న పనిపై అభ్యంతరం ఉంటే నిర్ణీత గడువులోగా తెలపాలని, ఏళ్ల తరబడి ఊరుకుని చివరి క్షణంలో నోటీసు పంపడం చెల్లదని నిబంధన విధించవచ్చు.