పసివాళ్ల నొప్పికి సాక్ష్యం ఎవరు చెప్పాలి?

మన సమాజంలో నొప్పిని నిరూపించుకోవాల్సిన భారం ఎప్పుడూ నొప్పి పడేవాళ్ల మీదే వుంటుంది. పురిటి నొప్పులతో అరిచే స్త్రీని "నువ్వొక్కదానివే కంటున్నావా?" అని కసిరే లేబర్ వార్డుల గురించీ, నడుం నొప్పి అంటే "పని ఎగ్గొట్టడానికి" అనే ఇళ్ల గురించీ మనం ఎన్నో సమావేశాల్లో మాట్లాడుకున్నాం. ఇదే అపనమ్మకాన్ని ఎదుర్కొంటూ, ఎదురు మాట్లాడే శక్తి కూడా లేనివాళ్లు పిల్లలు. అందులోనూ పుట్టుకతో వచ్చిన జబ్బుతో, సూదుల మధ్యా మందుల మధ్యా పెరిగే పిల్లలు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వ్యాధిని తీసుకుని ఈ విషయం చర్చించాలనుకుంటున్నాను.

ఈ వ్యాధిలో ఒక జన్యువులోని లోపం వల్ల శరీరంలో ఊరే శ్లేష్మం జిగురులా చిక్కబడుతుంది. ఊపిరితిత్తుల్లో అది పేరుకుని మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్లు వస్తాయి. క్లోమం నుంచి జీర్ణరసాలు పేగులోకి చేరవు కాబట్టి ఎంత తిన్నా వంటబట్టదు. జిడ్డు విరేచనాలు, కడుపు నొప్పి, ఎదుగుదల లేకపోవడం. చెమటలో ఉప్పు ఎక్కువగా పోతుంది. బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా వుందని మొదట కనిపెట్టేది చాలాసార్లు తల్లే. మన ఎండాకాలంలో ఈ ఉప్పు నష్టమే పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది. ఇది తెల్లజాతి వాళ్ల జబ్బు అని చాలాకాలం అనుకోవడం వల్ల ఇక్కడి పిల్లలకు క్షయ అనో, ఆస్తమా అనో, పోషకాహార లోపం అనో ఏళ్ల తరబడి వైద్యం జరుగుతూ వచ్చింది. "పిల్లకి సరిగా తిండి పెట్టడం లేదా?" అన్న ప్రశ్న మాత్రం తల్లికి తప్పదు.

ఈ పిల్లల రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే లేచి నెబ్యులైజర్ పట్టుకోవాలి. కఫం వదలడానికి వీపూ ఛాతీ తట్టించుకోవాలి. సాయంత్రం మళ్లీ అంతే. అన్నం తిన్న ప్రతిసారీ ఎంజైమ్ గొట్టాలు మింగాలి. ఇన్ఫెక్షన్ ముదిరితే రెండేసి వారాలు నరంలోకి మందు ఎక్కించాలి. దగ్గి దగ్గి పక్కటెముకలు నొప్పి, పేగుల్లో అడ్డుపడి కడుపు నొప్పి, తలనొప్పి. వీటికి తోడు భయం. రేపు సూది గుచ్చుతారని భయం, ఊపిరి అందదేమోనని భయం, బళ్లో దగ్గితే క్షయ అనుకుని దూరంగా కూర్చోబెడతారని భయం. ఇంకొక క్రూరత్వం కూడా వుంది. ఒకరి ఊపిరితిత్తుల్లోని క్రిములు మరొకరికి అంటుకుంటాయి కాబట్టి ఈ వ్యాధి వున్న ఇద్దరు పిల్లలు దగ్గరగా కూర్చుని ఆడుకోకూడదు, కనీసం ఆరడుగుల దూరం పాటించాలి. తన బాధ తెలిసిన మరో బిడ్డ భుజం మీద చెయ్యి వేసే అవకాశం కూడా ఆ బిడ్డకు లేదు.

ఈ నొప్పి, భయం వైద్యుడి చీటీలో ఎక్కడ కనిపిస్తాయి? బరువు రాస్తారు, ఎత్తు రాస్తారు, ఊపిరి ఎంత వదిలిందో రాస్తారు. "నీకు ఎక్కడ నొప్పి, ఎంత నొప్పి?" అని అడిగి రాసే గడి ఎన్ని ఆస్పత్రుల్లో వుంది?

పిల్లల నొప్పిని నమ్మకపోవడానికి వైద్యశాస్త్రంలో పెద్ద చరిత్రే వుంది. 1980ల దాకా అప్పుడే పుట్టిన పిల్లలకు నొప్పి తెలియదనీ, మత్తుమందును తట్టుకోలేరనీ అనుకుని, కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి. 1985లో అమెరికాలో నెలలు నిండకుండా పుట్టిన తన బిడ్డకు గుండె దగ్గర ఆపరేషన్ ఇలాగే జరిగిందని, బిడ్డ చనిపోయాక ఒక తల్లికి తెలిసింది. ఆమె వూరుకోలేదు. ప్రశ్నించింది, పత్రికలకు రాసింది. అదే కాలంలో భారతదేశంలో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసిన డాక్టర్ కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్, నొప్పి తెలియకుండా మందిచ్చి ఆపరేషన్ చేసిన పసికందులే బాగా కోలుకుంటున్నారని 1987లో ప్రచురించిన అధ్యయనంలో చూపించారు. ఆ ఏడాదే అమెరికా పిల్లల వైద్యుల సంఘం పసికందులకు కూడా మత్తుమందు ఇవ్వాలని ప్రకటించింది. శాస్త్రానికి రుజువు కావలసి వచ్చింది. తల్లులకు ఆ సంగతి ఎప్పుడూ తెలుసు. వాళ్ల మాట సాక్ష్యంగా చెల్లలేదు, అంతే.

వైద్యులనే అని లాభం లేదు. "ఏడిస్తే డాక్టరమ్మతో పెద్ద సూది పొడిపిస్తా" అని బెదిరించని ఇల్లు ఏది? "సూది వెయ్యరులే" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లి, నలుగురు పట్టుకుని గుచ్చితే ఆ బిడ్డ మళ్లీ ఎవరిని నమ్మాలి? మగపిల్లవాడు ఏడిస్తే "మగాడివై వుండి ఏడుస్తావా?" అంటాం. ఆడపిల్ల ఏడిస్తే "ఆడపుట్టుక పుట్టాక ఓర్చుకోవాలి" అంటాం. భూదేవంత ఓర్పు అని పొగడడం ఆడవాళ్ల నోరు మూయించడానికేనని మనం చెప్పుకుంటూ వచ్చాం. ఆ ఓర్పు పాఠం మొదలయ్యేది ఇక్కడే, ఈ సూది దగ్గరే. వ్యాధి ఆడామగా తేడా చూసి రాదు. పెద్ద ఆస్పత్రికి ప్రయాణం కట్టే ముందు, అప్పు చేసే ముందు మన ఇళ్లు ఆ తేడా చూడవని చెప్పగలమా?

ఇక తల్లుల సంగతి. ఈ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే వ్యాధి వస్తుంది. ఇద్దరూ ఆ జన్యువును మోస్తున్నప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అయినా "మీ వంశంలోంచే వచ్చింది" అని మాట పడేది కోడలు ఒక్కతే. ఉద్యోగం మానేది, రాత్రుళ్లు మేలుకునేది, వీపు తట్టేది ఆమే. ఐరోపా దేశాలు, టర్కీ, అమెరికా కలిపి 9 దేశాల్లో జరిపి 2014లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో ఈ వ్యాధి వున్న కౌమార వయస్కుల్లో 22 శాతం మందిలో ఆందోళన లక్షణాలు ఎక్కువ స్థాయిలో కనిపించాయి. తండ్రుల్లో 36 శాతం. తల్లుల్లో 48 శాతం. అంటే దాదాపు సగం మంది. తల్లిదండ్రులు ఆందోళనలో వున్న ఇళ్లలో పిల్లలకు కూడా ఆందోళన వుండే అవకాశం రెట్టింపు దాటింది. దీన్ని తల్లి తప్పుగా చదవకూడదు. తల్లికి ఆసరా ఇవ్వకుండా బిడ్డ భయాన్ని తగ్గించలేమని చదవాలి. పన్నెండేళ్లు దాటిన పిల్లలనూ, పిల్లల్ని చూసుకునేవాళ్లనూ ఏడాదికోసారి ఈ విషయంలో పరీక్షించాలని 2016లో అంతర్జాతీయ నిపుణులు సిఫారసు చేశారు. మన దగ్గర ఏ తల్లినైనా "నువ్వెలా వున్నావమ్మా?" అని అడిగేవాళ్లున్నారా?

జన్యు లోపం తెచ్చే అసలు నష్టాన్నే సరిచేసే మందులు వచ్చాయి. మూడు మందులు కలిపిన మాత్రకు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. అక్కడ దాని ప్రకటిత ధర ఏడాదికి 3 లక్షల డాలర్ల పైమాటే. 2021 నాటి మన అరుదైన వ్యాధుల జాతీయ విధానం ఈ వ్యాధిని గుర్తించింది. గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారా రోగికి 50 లక్షల వరకు సాయం అంటోంది. జీవితాంతం వాడాల్సిన మందుకు ఆ సాయం ఎన్నాళ్లొస్తుంది? పైగా మన దేశంలో కనిపించే జన్యుమార్పులు ఐరోపాలో కన్నా భిన్నంగా వుంటాయి కాబట్టి ఆ మందు మన పిల్లలందరికీ పనిచేయదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వున్నాయి కానీ ఈ వ్యాధి లేదు. మందుల ధరల మీద పోరాటం సాగాల్సిందే. కానీ ఆ పోరాటం గెలిచేదాకా నొప్పి ఆగుతుందా?

నొప్పి తగ్గించడానికి కోట్లు అక్కర్లేదు. సూది వేసే చోట ముందుగా తిమ్మిరెక్కించే క్రీము రాయవచ్చు. మంచానికి అదిమిపట్టే బదులు అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని చెయ్యవచ్చు. ఏం చేయబోతున్నారో బిడ్డకు అర్థమయ్యేలా ముందే నిజం చెప్పవచ్చు. నవ్వే ముఖం నుంచి ఏడ్చే ముఖం దాకా ఆరు బొమ్మలు చూపించి "ఇందులో నువ్వేది?" అని అడిగే పద్ధతిని 1980లలో అమెరికాలో డోనా వాంగ్, కోనీ బేకర్ అనే ఇద్దరు స్త్రీలు తయారు చేశారు. మూడేళ్ల బిడ్డ కూడా వేలు పెట్టి చూపించగలదు. కావలసిందల్లా ఒక అట్టముక్క, అడిగే ఓపిక.

బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఆమోదించింది. పిల్లలకు ఆరోగ్య హక్కు వుందనీ, తమకు సంబంధించిన విషయాల్లో వాళ్ల మాట వినాలనీ అది చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ వైద్యాన్ని హక్కు చేసింది. వీటిని ఆస్పత్రి గుమ్మం దాటించాల్సింది మన సంఘాలే. పిల్లల వార్డుల్లో నొప్పిని నమోదు చేయాలని అడుగుదాం. తల్లిని బయటికి పంపే నియమాలను ప్రశ్నిద్దాం. పిల్లల వార్డుకు అనుబంధంగా మానసిక సలహాదారు వుండాలనీ, ఆ సేవ తల్లికీ అందాలనీ కోరదాం. ఉప్పగా వున్న చెమట, తగ్గని దగ్గు, ఎదగని బిడ్డ కలిసి కనిపిస్తే చెమట పరీక్షకు పంపాలని ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలకు చెబుదాం. ఆ పరీక్షలో సూది గుచ్చే పని కూడా లేదు.

స్త్రీల నొప్పి నిజమని ఒప్పించడానికి మనకు దశాబ్దాలు పట్టింది. పిల్లలకు అంత వ్యవధి లేదు. వాళ్లు చెప్పినప్పుడే నమ్మడం నేర్చుకుందాం.