బ్యాట్ కొన్నాం సరే, బలం సంగతేంటి?

2025 నవంబర్ 2 రాత్రి నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి ప్రపంచ కప్పు ఎత్తుకున్నారు. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది, హైదరాబాదు అమ్మాయి అరుంధతీ రెడ్డి ఉంది. అందరం మురిసిపోయాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. "మా అమ్మాయినీ క్రికెట్‌లో చేర్పించాం" అనే తల్లులు ఇప్పుడు తరచూ కనిపిస్తున్నారు. సంతోషమే. కానీ కోచ్ "వారానికి రెండు రోజులు బరువులతో కసరత్తు చేయిద్దామండీ" అనగానే ఆ తల్లుల్లోనే కొందరు మొహం చిట్లిస్తారు. "ఆడపిల్లకి కండలెందుకండీ?"

ఈ మాటతోనే నాకు పేచీ.

ఒకసారి మన వంటింటివైపు చూడండి. నిండు గ్యాస్ సిలిండర్ దాదాపు 30 కిలోలు. గ్యాసే 14.2 కిలోలు, మిగతాది ఇనుము. దాన్ని పక్కకి దొర్లించి, ఎత్తి పెట్టేది చాలా ఇళ్లలో మనమే. నీళ్ల బిందె చంకకెత్తుకునేదీ, చంటిపిల్లని మోస్తూ కూర కలిపేదీ మనమే. అప్పుడు ఎవరికీ కండలు గుర్తు రావు. చాకిరీకి పనికొచ్చే బలం ఆటకి మాత్రం పనికిరాదా?

అసలు కండలు పెరిగిపోవడం అంత తేలికా? యుక్తవయసులో మగపిల్లల్లో ఎక్కువగా తయారయ్యే టెస్టోస్టెరాన్ ఆడపిల్లల్లో చాలా తక్కువ. వారానికి రెండు మూడు రోజుల కసరత్తుతో ఎవరూ పహిల్వాన్లు అయిపోరు. ఎత్తు ఆగిపోతుందనే భయమూ వద్దు. తెలిసినవాళ్లు దగ్గరుండి చేయిస్తే పిల్లలకి ఇది క్షేమమేనని అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా చెబుతోంది.

ఫాస్ట్ బౌలింగ్ సంగతి చూడండి. బంతి వదిలేటప్పుడు ముందుకాలు నేలని తాకే క్షణంలో ఆ కాలిమీద ఒంటి బరువుకి ఎన్నో రెట్ల భారం పడుతుంది. అది మోకాలి మీదుగా నడుముకి పాకుతుంది. పిక్కలు, తొడలు, పొట్ట కండరాలు దాన్ని పంచుకోకపోతే ఎముక మీద ఒత్తిడి పెరుగుతుంది. రోజూ అదే భారం పడితే ఎముకలో సన్నని పగులు వస్తుంది. ఎదిగే వయసు బౌలర్లకి నడుము దగ్గర ఈ బెడద మరీ ఎక్కువ. జస్‌ప్రీత్ బుమ్రా అంతటివాడు వెన్ను గాయంతో 2022 టీ20 ప్రపంచ కప్పు ఆడలేకపోయాడు. 2023లో శస్త్రచికిత్స చేయించుకుని, నెలల తరబడి ఒంటిని మళ్లీ సిద్ధం చేసుకున్నాకే బంతి పట్టాడు. అన్ని వసతులున్న ఆయనకే అలా అయితే, ఏ తయారీ లేకుండా మన పిల్లని వంద బంతులు వేయమనడం ఏం న్యాయం?

ఆడపిల్లలకి ఇంకో ముప్పూ ఉంది. పరుగులో ఆగి తిరిగేటప్పుడు, ఎగిరి దిగేటప్పుడు మోకాలి లోపలి లిగమెంటు తెగడం మగపిల్లలకంటే వాళ్లలోనే ఎక్కువ. ఎగిరి సరిగ్గా దిగడం నేర్పించి, తొడలకి బలం పెంచితే ఆ ముప్పు తగ్గుతుంది. అంటే ఈ కసరత్తు మగపిల్లలకంటే ముందు ఆడపిల్లలకే కావాలి!

"పాతకాలం వాళ్లు జిమ్‌కి వెళ్లారా?" అంటారు. వాళ్లు చెట్లెక్కారు, నీళ్లు తోడారు, బడికి నడిచారు. మన పిల్లలు బడి వ్యాన్‌లోంచి ట్యూషన్‌కి, ట్యూషన్‌లోంచి నెట్స్‌కి.

దీనికి పెద్ద ఖర్చూ లేదు. గుంజీళ్లు, ప్లాంక్, ఒంటికాలి మీద నిలకడ, మెట్టు మీంచి మెల్లగా దిగడం... మొదట ఒంటి బరువే చాలు. ఆ పద్ధతి కుదిరాకే చిన్న బరువులు. దానికి తోడు కడుపునిండా పప్పూ, గుడ్డూ, సరిపడా నిద్ర.

కాబట్టి అకాడమీలో ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి: "మా అమ్మాయి ఒళ్లు గట్టిపడడానికి ఎవరు, వారానికి ఎన్నిసార్లు, ఏం చేయిస్తారు?" జవాబు లేకపోతే ఆ డబ్బు వాళ్ల చేతిలో పెట్టకండి.