లెక్కల పుస్తకం ఏది కొనాలి?

"మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. బడిలో లెక్కల పీరియడ్ అంటే ఏడ్చేది. పోయిన వేసవి నుంచి ఇంట్లోనే చదివిస్తున్నాను. డాలస్‌లో ఉన్న మా వదిన సింగపూర్ లెక్కల పుస్తకాలు కొనమంటుంది. వెనకబడిపోతుందేమోనని మావారి బెంగ. నాలుగో తరగతి పుస్తకం ఇప్పుడే మొదలుపెట్టమంటారు. పిల్ల మాత్రం నోటుబుక్కు పక్కకు తోసేసి 'నాకు లెక్కలు రావమ్మా' అంటుంది. ఏ పుస్తకం కొనమంటారు?"

– ఒక తల్లి, మదీనాగూడ

అమ్మా, మీ ఉత్తరంలో ముఖ్యమైన మాట మీ అమ్మాయిదే. ఆమె "ఈ లెక్క రాలేదు" అనటం లేదు. "నాకు లెక్కలు రావు" అంటున్నది. మొదటిదయితే మరోసారి పాఠం చెబితే తీరిపోతుంది. రెండవది తన మీద తానే చెప్పుకున్న తీర్పు. ఆ తీర్పును మార్చే పుస్తకం కావాలి మీకు.

కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. పిల్లకు కాదు, పుస్తకానికి! అందులోంచి పది లెక్కలు ఇవ్వండి. ఏడెనిమిది తనంతట తాను చేయగలిగితే అది తగిన పుస్తకం. సగం కూడా చేయలేకపోతే క్రింది తరగతిది తెచ్చుకోండి. అట్ట మీద తరగతి అంకె చూసి పిల్ల నామోషీ పడుతుందనుకుంటే దానికి కాగితం అట్ట వేసేయండి.

ఇక నేర్పే పద్ధతి. 52లోనుంచి 27 తీసివేయమంటే చాలామంది పిల్లలు 35 అని వ్రాస్తారు. ఇది అజాగ్రత్త కాదు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఎవరో చెప్పింది బుద్ధిగా పాటించారు, అంతే. ఎర్ర సిరాతో కొట్టివేస్తే భయం తప్ప ఏమీ మిగలదు. చీపురుపుల్లలు పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టి, విడిగా రెండు పుల్లలు పెట్టండి. "నాకు 27 ఇయ్యి" అని అడగండి. ఏడు విడిపుల్లలు లేక తనే ఒక కట్ట విప్పుతుంది. మిగిలినవి 25. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవటమంటే ఏమిటో చేతులతో తెలుసుకుంటుంది. జవాబు సరిగా వచ్చినప్పుడు కూడా "ఎలా చేశావో చెప్పు" అనండి. తప్పు వచ్చినప్పుడే అడిగితే, ఆ ప్రశ్నంటేనే పిల్లకు బెదురు పుడుతుంది.

మీ వదిన చెప్పిన సింగపూర్ పుస్తకాల్లో కిటుకు కూడా ఇదే. ముందు వస్తువు, తర్వాత బొమ్మ, ఆ తర్వాతే అంకె. అక్కడ 1980ల నుంచి ఈ వరుసలోనే నేర్పుతున్నారు. కొనగలిగితే కొనండి. లేకపోయినా చింతలేదు. ఎన్.సి.ఇ.ఆర్.టి. వారు 2023లో రెండో తరగతికి "జాయ్‌ఫుల్ మేథమేటిక్స్", 2024లో మూడో తరగతికి "మ్యాథ్స్ మేళా" తెచ్చారు. వాటిలోనూ ఆటలు, బొమ్మలే ఎక్కువ. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుల్లలు, చింతగింజలు ఎలాగూ ఇంట్లో ఉన్నవే. సాయంత్రం పూట వామనగుంటలు ఆడండి. గింజలు ఏ గుంటదాకా వెళతాయో పిల్ల ముందుగానే లెక్క కట్టటం మొదలుపెడుతుంది. అదీ గణితమే.

మీవారి బెంగ కొట్టివేయదగ్గది కాదు. అయితే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానమైన మెట్లున్నాయి. పద్నాలుగేళ్ళు నిండితే పదో తరగతిలో చేరవచ్చు. అంటే మీకింకా ఆరేళ్ళ వ్యవధి ఉంది. ఈ ఏడు ఒక మెట్టు దిగినంత మాత్రాన కొంపేమీ మునగదు.

చివరగా ఒక మాట. పిల్ల వినేటట్లు "నాకూ చిన్నప్పుడు లెక్కలు వచ్చేవి కావు" అని మీరెప్పుడైనా అన్నారా? అని ఉంటే ఇక అనకండి. రోజుకు ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని, మీరూ పుల్లలు కట్టండి. మూడు నెలల తర్వాత పిల్ల ఏమంటున్నదో నాకు వ్రాయండి.