గ్రంథాలయ సెస్సు బాకీ కట్టాల్సిందే

ఫోన్లు వచ్చాక లైబ్రరీకి ఎవరొస్తున్నారన్న మాట ఈ మధ్య తరచుగా వినపడుతోంది. గుంటూరులోనో ఒంగోలులోనో జిల్లా గ్రంథాలయానికి ఒక పూట వెళ్లి చూస్తే ఆ మాట నిలవదు. గ్రూప్స్‌కూ డీఎస్సీకీ చదువుకునే పల్లె పిల్లలు సొంత పుస్తకాలు, మంచినీళ్ల సీసాలు పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటారు. ఫోన్ వాళ్ల దగ్గరా ఉంది. వాళ్లకు కరువైంది కూర్చునే చోటూ కొత్త పుస్తకమూ.

దీనికి కారణం జనం డబ్బు కట్టకపోవడం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు కడుతున్నారు. మిర్చి ధర పడిపోయిన ఏడాదీ కట్టారు. వసూలు చేసిన స్థానిక సంస్థలు మాత్రం దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయకుండా ఏళ్ల తరబడి బకాయి పెడుతున్నాయి. చదువు కోసమని తీసుకున్న సొమ్మును మరో పనికి వాడుకునే హక్కు ఎవరికీ లేదు. పుస్తకం జనం దగ్గరికే వెళ్లాలని 1935లోనే గ్రంథాలయోద్యమకారుడు పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపిన నేల ఇది.

బకాయిల సంగతి అలా ఉంచితే, వేటపాలెం సారస్వత నికేతనంలోని పాత పత్రికలను కాపాడటంలోనూ ఇక ఆలస్యం పనికిరాదు. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికల సంపుటాలున్నాయి. ఆనాటి న్యూస్‌ప్రింట్ మడత దగ్గర విరిగిపోతుంది, అంచులు పట్టుకుంటే పొడిగా రాలుతుంది. స్కాన్ చేయక తప్పదు. కానీ మొక్కుబడిగా చేస్తే ఏమవుతుందో చూశాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేసింది. కొన్నింట్లో పేజీలు లేవు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో తప్పులతడకగా ఎక్కడంతో ఉన్న పుస్తకమే వెతికితే దొరకదు. చివరికి ఆ సైటే మూతపడింది. ఔత్సాహికులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి ఎక్కించబట్టి ఎన్నో మిగిలాయి. అందుకే స్కాన్ అయ్యాక కాగితం ప్రతిని అటకెక్కించకూడదు, రెండూ ఉండాలి.

ప్రభుత్వం స్థానిక సంస్థలకిచ్చే నిధుల్లోంచే సెస్సు బకాయిలు మినహాయించి గ్రంథాలయ సంస్థలకు నేరుగా జమచేయాలి. వేటపాలెం పత్రికలను తెలుగు లిపిలో సూచికతో సహా స్కాన్ చేయించి, అందరికీ ఉచితంగా తెరవాలి. పాఠకులు కూడా తమ ఇంటి పన్ను రసీదులో గ్రంథాలయ సెస్సు ఎంతుందో చూసి, ఆ డబ్బు ఎక్కడికి పోయిందో వచ్చే గ్రామసభలో, వార్డు సభలో గట్టిగా అడగాలి.