నడుంలో దాక్కున్న విలన్

2024లో 'కల్కి' చూసి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఈలలు వేసిన కుర్రకారుకి ఒక సంగతి తెలిసుండదు. 81 ఏళ్ళ వయసులో తెర మీద విరుచుకుపడ్డ ఆ అశ్వత్థామ, అదే మన అమితాబ్ బచ్చన్, 2000లో కూర్చోనూ లేక, పడుకోనూ లేక అల్లాడిన మనిషి. వెన్నెముకకి టీబీ! 'కౌన్ బనేగా కరోడ్‌పతి' మొదలయ్యే రోజుల్లోనే బయటపడింది. రోజుకి ఎనిమిదీ పదీ నొప్పి మాత్రలు మింగి, ఆ కుర్చీలో కూర్చుని ప్రశ్నలడిగాడు మహానుభావుడు. ఏడాది మందులు వాడి నయం చేసుకున్నాడు. 2014లో ఆయనే చెప్పాడు ఇదంతా.

పాత సినిమాల పుణ్యమా అని టీబీ అంటే దగ్గూ, రుమాలు మీద రక్తమూ అనుకుంటాం. అది ఎముకల్లోకీ, కీళ్ళలోకీ కూడా దిగుతుంది సుమండీ! వెన్నెముక అడుగుభాగం తుంటి ఎముకతో కలిసేచోట, రెండు పక్కలా రెండు కీళ్ళుంటాయి. అక్కడా మకాం పెడుతుంది. అదొక్కటే కాదు, సెగ్గడ్డలు పుట్టించే స్టెఫైలోకాకస్ నెత్తుట్లో పడి అక్కడిదాకా పోవచ్చు. పచ్చిపాలతో వచ్చే బ్రూసెల్లా ఇంకోటి. ఇరానీ చాయ్ ప్రియులు కంగారు పడకండి, మరిగిన పాలలో అది బతకదు.

అశోక్‌నగర్‌లో మా పక్కగది తమ్ముడు గ్రూప్స్‌కి చదువుతున్నాడు. పొద్దున్నే సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టాడంటే రాత్రికి గానీ లేవడు. కుడి పిరుదు పైన నొప్పి మొదలైతే "కూర్చుని కూర్చుని వచ్చిందన్నా" అన్నాడు. నాలుగు వారాలు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు.

"సాయంత్రం జ్వరం వస్తోందా?" అంటే "కొంచెం" అన్నాడు.

ఆ 'కొంచెం'లోనే ఉంది కథంతా. కూర్చుంటే వచ్చే నొప్పికి జ్వరం రాదు, పడుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ఇతన్ని నిద్రలోంచి లేపేస్తోంది. కుడికాలి మీద బరువు వెయ్యలేడు. మాత్ర నొప్పినీ జ్వరాన్నీ దాచేస్తుంది గానీ, లోపల చీము దాని పని అది చేసుకుపోతుంది.

నారాయణగూడలో డాక్టరుకి చూపించాం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మొదట్లో కనబడకపోవడం మామూలేనట! ఎం.ఆర్.ఐ.లో దొరికింది. సూదితో చీము తీసి పరీక్షిస్తే టీబీ. మందులు సర్కారువారే ఉచితంగా ఇస్తారు, కాకపోతే ఏడాది, ఒక్కోసారి ఆపైనా వాడాలి. రెండో నెలకి నొప్పి తగ్గగానే మానేస్తానన్నాడు.

"అమితాబ్ మానేశాడా?" అన్నాను.

ఇప్పుడు ఏడో నెల. మొన్న ఫస్ట్ షోకి రమ్మంటే "అంతసేపు కూర్చోగలనా అన్నా?" అని నసిగాడు. ఇంటర్వెల్‌లో క్యూలో నిలబడి సమోసాలు తెచ్చింది అతనే.