నమక్ తగ్గించాం, ఆచార్ మానలేదు

మా మామూ ఇచ్ఛాపురంలో దర్జీ. రెండేళ్ళ క్రితం బీపీ 170/100 ఉందని తేలితే నెల రోజులు బిళ్ళలు వేసుకున్నారు. తర్వాత "ఇప్పుడు తబియత్ బాగానే ఉంది, ఇంకా దవా ఎందుకు?" అని మానేశారు. ఆ బిళ్ళ వల్లే బీపీ అదుపులో ఉందన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నొప్పి లేదు, తల తిరగడం లేదు. బీపీతో వచ్చే అసలు ముసీబత్ ఇదే, చాలామందిలో అది ఏ నిషానీ చూపించదు. ఈ ఏడు రక్త పరీక్షలో క్రియాటినిన్ పెరిగిందన్నాక అందరం ఉలిక్కిపడ్డాం.

మనది సిక్కోలు జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు వైపు గుర్దాల బీమారీ ఎన్ని ఇళ్ళను కూల్చిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి ఉద్దానానికి పైపుల్లో నీళ్ళు తెచ్చారు. అయినా ఆ బీమారీకి అసలు కారణం ఇదీ అని తేలలేదు. బీపీ సంగతి అలా కాదు. అది గుర్దాలను పాడుచేస్తుంది, పాడైన గుర్దాలు బీపీని ఇంకా పెంచుతాయి. ఇది ఎప్పుడో తేలిన మాట. తెలిసిన దుష్మన్‌ని కూడా ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం నాకు మింగుడు పడదు.

మన పర్హేజ్ ఎలా ఉంటుందో చూడండి. సాలన్‌లో ఉప్పు తగ్గిస్తాం. పక్కనే ఆవకాయ, అప్పడం, ఎండుచేపల వేపుడు! చోడి అంబలి మంచిదే, కానీ దాంట్లో వేసే ఉప్పెవరు లెక్కపెట్టారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది. అంటే అన్నీ కలిపి ఒక చిన్న చెంచాడు. సైంధవ లవణం కూడా ఉప్పే, మోసపోకండి. ఇక "తక్కువ సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది, గుర్దాలు చెడినవారికి అది ఖతర్‌నాక్. కొబ్బరి తోటల మధ్య బతికే మనకు చెప్పడం కష్టమేగానీ, అలాంటివారు కొబ్బరి నీళ్ళూ డాక్టర్ని అడిగే తాగాలి.

మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళల మీదే నాకు ఎక్కువ గుస్సా. వాటిలో చాలా రకాలు బీపీని పెంచుతాయి, గుర్దాలనూ దెబ్బతీస్తాయి. ముమానీ వంటింటి డబ్బాలో ఇప్పటికీ రెండు పట్టీలున్నాయి.

రంజాన్‌లో బిళ్ళ మానేసేవాళ్ళు మరీ ఎక్కువ. నెల ముందే డాక్టర్ దగ్గరికి వెళ్తే చాలామందికి సెహ్రీకో ఇఫ్తార్‌కో వేళ మార్చి ఇస్తారు. కొందరిని రోజా వద్దంటారు, ఆ మాట వినాలి. బీమార్లకు ఆ రుఖ్సత్ దీన్‌లోనే ఉంది.

మస్జిద్ కమిటీలకు నాదొక గుజారిష్. వరండాలో ఒక బీపీ మిషన్, ఒక కుర్చీ పెట్టండి. జుమా నమాజ్ అయ్యాక వచ్చినవారిని అయిదు నిమిషాలు మాట్లాడించకుండా కూర్చోబెట్టి చూడండి. అరగంట ముందు చాయ్, బీడీ వద్దని చెప్పండి. 140/90 దాటితే మరో రోజు మళ్ళీ చూసి దవాఖానాకు పంపండి. మన ఆడవాళ్ళు చాలామంది మస్జిద్‌కు రారు కాబట్టి, నెలకోసారి ఆ మిషన్ మొహల్లాలో ఇల్లిల్లూ తిరగాలి. అమ్మీల బీపీ ఎంతో మనలో ఎందరికి తెలుసు?